మా ఆయన వైపు ఇటలీ పూర్వీకుల్ని ఎక్కడి నుంచి వెతకాలి?

న్యూజెర్సీ కోడలు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, ఉండేది న్యూజెర్సీలో. మా అత్తగారి తాత 1910 ప్రాంతంలో ఇటలీ నుంచి ఓడలో వచ్చారట. ఆవిడకి ఎనభై దాటాయి, దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత ఫొటోలు, ఉత్తరాలు, చిరిగిపోయిన పాస్‌పోర్టు ఒకటి ఉన్నాయి. ఊరు ఏదంటే మాత్రం ఎవరూ చెప్పలేరు, "అబ్రూజ్జీ" అంటారు, అంతే. ఇంటిపేరు ఎల్లిస్ ఐలాండ్‌లో (న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసిన చోటు) గుమాస్తా మార్చేశాడని ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకుంటారు. మా నాన్న మా వైపు ఏడు తరాలు గోత్రంతో సహా నోట్‌బుక్కులో రాసిచ్చారు, పిల్లలు "మరి ఇటువైపో?" అని అడిగితే చెప్పడానికేమీ లేదు. ఏదో ఒక సైట్‌కి డబ్బు కడితే మొత్తం వచ్చేస్తుందా? డీఎన్‌ఏ టెస్టు చేయించాలా? దొరికినవి మనవల కాలం దాకా పాడవకుండా ఎలా దాచాలి?

పాతకాగితాల పిచ్చి:
డబ్బు ఇప్పుడే కట్టకండి. ముందు ఊరు తేలాలి, ఎందుకంటే ఇటలీలో రికార్డులన్నీ ఊరి వారీగానే ఉంటాయి, ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని దిగితే ఎక్కడా తేలరు. ఆ ఊరు పేరు అమెరికా కాగితాల్లోనే దొరికే అవకాశం ఎక్కువ. 1906 చట్టం తర్వాత పెట్టుకున్న పౌరసత్వ దరఖాస్తుల్లో పుట్టిన ఊరు రాయించేవారు. 1907 చట్టం తర్వాత ఓడ ప్రయాణికుల జాబితాల్లో పుట్టిన ఊరితో పాటు స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా అడిగేవారు, అందులో తండ్రి పేరు కనిపించిందంటే ఒక తరం వెనక్కి వెళ్లినట్టే.

గుమాస్తా కథ నమ్మకండి. జాబితా రాసేది ఓడ ఎక్కే రేవులో, నేపుల్స్‌లోనో జెనోవాలోనో. ఎల్లిస్ ఐలాండ్ వాళ్లు దాన్ని చూసి సరిచూసుకునేవాళ్లు, అంతే. పేర్లు చాలావరకు తర్వాత మారాయి, బళ్లోనో పనిలోనో, ఒక్కోసారి వాళ్లంతట వాళ్లే.

"అబ్రూజ్జీ" అన్నదాన్ని కూడా అలాగే తీసుకోవద్దు. 1963 దాకా అబ్రూజ్జో, మొలీజె కలిపి ఒకే ప్రాంతం, కాబట్టి మీ ఊరు మొలీజెలో ఉండొచ్చు. పైగా అక్కడి ఇజెర్నియా జిల్లా 1970లో కాంపొబస్సో నుంచి విడిపోయింది. మన దగ్గర జిల్లాలు విడగొట్టాక పాత దస్తావేజులకి తిరిగినట్టే, రెండు చోట్లా చూడాల్సిందే.

టురిన్ తెలుగోడు:
పైన అన్నయ్య చెప్పింది కరెక్టు. ఊరు తేలాక "అంతెనాతి" అని ఇటలీ ప్రభుత్వ పోర్టల్ ఉంది, ప్రభుత్వ ఆర్కైవుల్లోని (పాత దస్తావేజులు దాచే చోట్లు) జనన, వివాహ, మరణ రిజిస్టర్ల స్కాన్లు ఉచితంగా చూడొచ్చు. మీకు కలిసొచ్చే సంగతేంటంటే, మీ అబ్రూజ్జీతో కలిపి దక్షిణాన నెపోలియన్ మనుషుల పాలనలో 1809లోనే ఈ రిజిస్టర్లు మొదలయ్యాయి (సిసిలీలో 1820), దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది 1866లో.

అసలు నిధి పెళ్లి ఫైళ్లు, ప్రొచెస్సెత్తి అంటారు. వధూవరుల జనన పత్రాల నకళ్లు అందులోనే కుట్టేసి ఉంటాయి. తండ్రి బతికి లేకపోతే ఆయన మరణ పత్రం పెట్టాలి, అప్పుడు పెళ్లికి అనుమతి తాత ఇవ్వాలి, తాత కూడా లేకపోతే ఆయనదీ పెట్టాలి. 1820ల నాటి ఫైలు ఒకటి దొరికితే చాలు, 1700ల్లో పుట్టిన ముసలాయన చర్చి రికార్డు నకలు చేతికొస్తుంది. అంతకు ముందువి చర్చిల్లో వెతకాలి, క్యాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ 1563లో బాప్టిజం, పెళ్లి పుస్తకాలు రాయమని ఆదేశించింది కానీ చాలావరకు ఆన్‌లైన్‌లో లేవు, ఇటాలియన్‌లో నాలుగు ముక్కలు మర్యాదగా రాసి ఫాదర్‌కి పంపాలి, జవాబు కోసం ఓపిక పట్టాలి.

ఒక జాగ్రత్త. అక్కడ కూడా పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆనవాయితీ, ఒకే ఊళ్లో ఒకే పేరుతో అన్నదమ్ముల పిల్లలు నలుగురుంటారు. తల్లి పేరు కలిస్తేనే మనవాడు. ఆడవాళ్లని పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే రాశారు కాబట్టి ఆ పని కష్టమేమీ కాదు. ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాన్ని మాత్రం యథాతథంగా దించుకోవద్దు, ప్లీజ్.

ప్రొద్దుటూరు ఫొటో స్టూడియో:
రిజిస్టర్లు ఎక్కడికీ పోవమ్మా, ముందు అత్తగారిని కూర్చోబెట్టు. ఒక్కో ఫొటో ఆవిడ చేతికిచ్చి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చెయ్యి, ప్రశ్నలు తక్కువ వెయ్యి. స్కాన్ 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే అంకె) టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గకుండా దాచే ఫొటో ఫైలు), వెనక వైపు కూడా, స్టూడియో ముద్ర ఉంటే ఊరు అక్కడే తేలొచ్చు. పేర్లు వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయి, బాల్‌పెన్ను అచ్చు పడుతుంది. లామినేషన్ జోలికి పోకు, నా షాపుకొచ్చినవాళ్లకీ ఇదే చెప్పేవాణ్ణి. యాసిడ్ లేని కవర్లలో పెట్టి ఇంట్లో గదిలోనే ఉంచు, అటకమీదా బేస్‌మెంటులోనూ వద్దు. ఫైళ్లు మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో బంధువు దగ్గర.

పాతకాగితాల పిచ్చి:
వంశవృక్షం ఏ యాప్‌లో కట్టినా జెడ్‌కామ్ (GEDCOM, వేరే వంశవృక్షం యాప్‌లలోనూ తెరుచుకునే రకం) ఫైలుగా దించుకోండి, ఆ కంపెనీ మూతబడినా మీ డేటా మీ దగ్గరుంటుంది. డీఎన్‌ఏ ఊరు పేరు చెప్పదు, దూరపు కజిన్లని చూపిస్తుంది. చేయిస్తే మీ ఆయనకి కాదు, అత్తగారికి, ఒక తరం దగ్గర కదా.

బోస్టన్ బాబాయ్:
ఇదంతా ఇటలీ పాస్‌పోర్టు కోసమైతే ఆశ పెట్టుకోవద్దమ్మా. 2025 మేలో పాసైన చట్టంతో మామూలుగా అమ్మానాన్నలో తాతమ్మమ్మలో ఇటలీ పౌరులై ఉంటేనే, అదీ షరతులతో. ముత్తాత పేరు చెప్పి తెచ్చుకునే రోజులు పోయాయి.

న్యూజెర్సీ కోడలు:
పాస్‌పోర్టు కోసం కాదు బాబాయ్ గారూ, పిల్లల కోసమే. అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి, అత్తగారు ఇంగ్లీషు మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ల నాయనమ్మ యాసలోకి వెళ్లిపోతారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లీషులోనే చెప్పమని ఆపనా?

ప్రొద్దుటూరు ఫొటో స్టూడియో:
అస్సలు ఆపకు. అయ్యాక అదే రోజు ఆవిడతోనే ఆ రికార్డింగు వినిపించి అర్థం అడిగి రాసుకో, ఫైలు పేరులో తేదీ పెట్టు.