కర్జన్‌కు ప్రధాని పదవి ఇవ్వకపోవడం అన్యాయమా, కాదా?

శిలాశాసనం:
ముందే చెప్తున్నాను, నేను తెల్లదొరల పాలనను పొగడడానికి రాలేదు. నా ప్రశ్న ఒక్కటే. 1923 మే నెలలో బ్రిటన్ ప్రధాని బోనార్ లా అనారోగ్యంతో రాజీనామా చేశాడు. తర్వాత ఎవరు? 39 ఏళ్లకే భారతదేశానికి వైస్రాయ్, యుద్ధకాలపు కేబినెట్ సభ్యుడు, 1919 నుంచి విదేశాంగ మంత్రి, బోనార్ లా లేనప్పుడు కేబినెట్‌ను నడిపించినవాడు లార్డ్ కర్జన్. ఆయన మాంటక్యూట్ ఊళ్లో ఉండగా రాజుగారి కార్యదర్శి స్టామ్‌ఫర్డమ్ నుంచి టెలిగ్రాం వచ్చింది, లండన్ రమ్మని. పదవి కోసమే పిలుస్తున్నారనుకుని మర్నాడే రైలెక్కాడు. మే 22 మధ్యాహ్నం స్టామ్‌ఫర్డమ్ ఇంటికి వచ్చి చెప్పిన మాట ఏమిటంటే, రాజుగారు ఆర్థిక మంత్రి బాల్డ్విన్‌ను ఎంచుకున్నారని. బాల్డ్విన్ కేబినెట్‌లోకి వచ్చిందే 1921లో. అంతటి మనిషి ఆ మాట విని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇది అన్యాయం కాకపోతే ఏమిటి?

కృష్ణాతీరం:
అన్యాయం ఏమీ లేదండీ. 1922 ఎన్నికల్లో లేబర్ పార్టీ 142 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమైంది. వాళ్ల బలమంతా జనం ఎన్నుకునే కామన్స్ సభలోనే. కర్జన్ ఉన్నది బిరుదులున్నవాళ్లు కూర్చునే లార్డ్స్ సభలో. ప్రశ్నలు అడిగేవాళ్లు ఒక సభలో, ప్రధాని ఇంకో సభలో ఉంటే ఎలా? రాజు జార్జ్ 5 చెప్పిన కారణం కూడా అదే.

శిలాశాసనం:
ప్రధాని సాలిస్‌బరీ 1902 వరకు లార్డ్స్‌లో కూర్చునే పాలించాడు కదా? అప్పుడు లేని అడ్డు ఇప్పుడెలా వచ్చింది?

కృష్ణాతీరం:
మధ్యలో 1911 పార్లమెంట్ చట్టం వచ్చింది. లార్డ్స్ సభకు బిల్లులను పూర్తిగా ఆపే అధికారమే పోయింది. బలం పోయిన సభ నుంచి ప్రధాని రావడం జనం ఒప్పుకోరు. పైగా కర్జన్ చేజేతులా చేసుకున్నది ఇది. 1898లో వైస్రాయ్‌గా వచ్చేటప్పుడు కావాలనే ఐర్లండ్ బిరుదు తీసుకున్నాడు, తిరిగి వెళ్లాక కామన్స్‌కు పోటీ చేసే వీలుండాలని. 1908లో ఐర్లండ్ ప్రతినిధిగా లార్డ్స్‌లో చేరి ఆ తలుపు తనే మూసుకున్నాడు. 1911లో ఎర్ల్ అయ్యాడు, 1921లో మార్క్విస్ అయ్యాడు. ఇన్ని బిరుదులు తీసుకుని తర్వాత బాధపడితే ఎవరేం చేస్తారు?

మేడిచెట్టు:
ఆడవాళ్లకు ఓటు వద్దనే సంఘానికి 1912లో అధ్యక్షుడైంది ఈయనే. ఈయన కన్నీళ్లకు నేను కరగను.

శిలాశాసనం:
మేడిచెట్టు గారూ, 1918లో ఆడవాళ్లకు ఓటిచ్చే బిల్లు లార్డ్స్‌కు వస్తే అడ్డుకోవద్దని చెప్పిందీ ఆయనే. సంఘంలోవాళ్లు మోసం చేశాడని తిట్టిపోశారు.
కృష్ణాతీరం గారూ, సభ సంగతి పైకి చెప్పిన సాకు. లోపల జరిగింది చూడండి. బోనార్ లా మనసులో మాట అంటూ ఒక కాగితం రాజభవనానికి చేరింది. అందులో బాల్డ్విన్‌నే సిఫారసు చేశారు. రాసింది బోనార్ లా కాదు, డేవిడ్‌సన్ అనే ఎంపీ. ఇక రాజుగారు సలహా అడిగిన పెద్దమనిషి బాల్ఫర్. 1905లో సైన్యం మీద పెత్తనం విషయంలో కర్జన్‌కూ సైన్యాధిపతి కిచెనర్‌కూ గొడవ వచ్చినప్పుడు ప్రధాని ఈ బాల్ఫరే. అప్పుడూ కర్జన్ రాజీనామాతోనే అది ముగిసింది. ఇలాంటి మనిషి నుంచి నిష్పక్షపాతమైన సలహా వస్తుందా?

ఓరుగల్లు:
ఎవరి అన్యాయం గురించి మాట్లాడుతున్నారు సార్ మీరంతా? 1902లో ఇదే కర్జన్ హైదరాబాద్ వచ్చి నిజాం మహబూబ్ అలీఖాన్‌తో ఏకాంతంగా కూర్చుని మాట్లాడాడు. ఆ మాటల ఫలితంగా నిజాంకు చెందిన బీరారు ప్రాంతం శాశ్వత కౌలు కింద బ్రిటిష్‌వాళ్లకు పోయింది. ఏడాదికి 25 లక్షల రూపాయలు. 1853 నుంచి అప్పు పేరుతో వాళ్ల దగ్గరే ఉన్న ప్రాంతాన్ని వెనక్కి అడిగే దారి కూడా మూసేశారు. మా నాన్నను ఒత్తిడి చేసి ఒప్పించారని ఉస్మాన్ అలీఖాన్ తర్వాత వాదించాడు, ఎవరూ వినలేదు. తలుపులు వేసి మాట్లాడి పని కానిచ్చుకున్నవాడికి తలుపుల వెనకే అన్యాయం జరిగిందని మనం ఏడవాలా?

శిలాశాసనం:
బీరారు వేరు, ఇది వేరు.

గోదారిగట్టు:
బెంగాల్ విభజన మరిచిపోయారా? 1905 అక్టోబర్ 16. ఆ మంట మనదాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడాక, వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ట్రైనింగ్ కాలేజీ నుంచి గెంటేశారు. మా ఊళ్లో కర్జన్ పేరు ఇప్పటికీ తిట్టే.

శిలాశాసనం:
1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది ఎవరు? పురావస్తు శాఖను మళ్లీ నిలబెట్టి 1902లో జాన్ మార్షల్‌ను తెచ్చింది ఎవరు? ఇంకోటి వినండి. సియాల్‌కోట్‌లో 9వ లాన్సర్స్ అనే బ్రిటిష్ రెజిమెంట్ సైనికులు ఒక భారతీయ వంటవాణ్ని కొట్టి చంపారు. దోషులను పట్టుకోకుండా కప్పిపుచ్చితే రెజిమెంట్ మొత్తానికి సెలవులు రద్దు చేశాడు. 1903 ఢిల్లీ దర్బారులో ఆ రెజిమెంట్ గుర్రాల మీద వెళ్తుంటే తెల్లవాళ్లంతా కేకలు వేసి చప్పట్లు కొట్టారు, వైస్రాయ్ ముఖం మీదే. తనవాళ్ల ముందు ఒంటరిగా నిలబడ్డాడు. వెన్నెముక దెబ్బతిని ఇనుప పట్టీ బిగించుకుని తిరిగిన మనిషి, రాత్రి పొద్దుపోయేదాకా ఫైళ్లు స్వయంగా చూసేవాడు. అంత పని తెలిసినవాణ్ని పక్కన పెట్టడం ఎంత దుర్మార్గమో అనుభవించినవాడికే తెలుస్తుంది. నేను పనిచేసిన విద్యాసంస్థలో ప్రిన్సిపాల్ పోస్టుకు సీనియారిటీ నాది, అర్హత నాది. నాకన్నా చాలా జూనియర్‌కి ఇచ్చారు. కారణం అడిగితే "మీరు అందరితో కలుపుగోలుగా ఉండరు" అన్నారు. అంతే. ఒక్క ఫైలు చూపించలేదు.

కృష్ణాతీరం:
1908లో తలుపు తనే మూసుకున్నాడు కదా అన్న నా ప్రశ్నకు జవాబు రాలేదు.

శిలాశాసనం:
మీకు ఆ ఒక్క తలుపు తప్ప ఇంకేం కనపడదా? 1906 ఎన్నికల్లో నిలబడకపోవడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. బిరుదు వదులుకునే చట్టం 1963 దాకా రాలేదు. ఆ ఏడాది ప్రధాని అయిన డగ్లస్ హోమ్ ఆ చట్టంతోనే కొద్ది రోజుల్లో తన ఎర్ల్ బిరుదు వదిలేశాడు. కర్జన్‌కు ఆ దారి లేదు. పుట్టుకతో లార్డ్ ఇంట్లో పుట్టడం నేరమా?

ఓరుగల్లు:
సార్, మీరు పెద్దవారు, కోపగించుకోకండి. కానీ నేనూ ఒకటి చెప్పాలి. మీరు చెప్పినలాంటి ప్రిన్సిపాల్ కింద నేను పనిచేశాను. ఆయనకు తెలియని రూల్ లేదు. రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసులోనే. మా టైంటేబుల్, మా డ్యూటీలు, మా సెలవులు అన్నీ ఆయనే రాసేసి గోడకు అంటించేవారు. మమ్మల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అడిగితే మీకేం తెలుసు అనేవారు. బెంగాల్‌ను చీల్చేటప్పుడు కర్జన్ చేసిందీ అదే. మీటింగులు పెట్టి, అర్జీలు రాసి వద్దంటే అదంతా కొద్దిమంది చేయించిన గొడవ అని కొట్టిపారేశాడు. 1911లో రాజు స్వయంగా ఢిల్లీ వచ్చి దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. పని తెలిసినంత మాత్రాన కుర్చీ నాదే అంటే నేను ఒప్పుకోను. కింద ఉన్నవాళ్లు ఏమంటారో అడగాలి.

శిలాశాసనం:
అడిగి అడిగి పని రానివాణ్ని కూర్చోబెడితే నష్టపోయేదీ ఆ కింద ఉన్నవాళ్లే. మా సంస్థలో తర్వాత రెండు కోర్సులు మూతపడ్డాయి. బాల్డ్విన్ అదే ఏడాది డిసెంబరులో ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ పోగొట్టాడు, 1924 జనవరిలో లేబర్ ప్రభుత్వం వచ్చింది. పని తెలిసినవాడికే కుర్చీ ఇవ్వాలి, నా మాట అదే, మార్చుకోను. ఇంకో విషయం. మే 28న పార్టీ సమావేశంలో బాల్డ్విన్‌ను నాయకుడిగా ప్రతిపాదించింది కర్జనే. ఆయన కింద విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. అంత అవమానం దిగమింగి ఆ పని చేసినవాణ్ని కలుపుగోలుతనం లేనివాడు అంటే నేను సహించను.

ఓరుగల్లు:
తన పార్టీవాళ్లతో కలిశాడు సార్. బెంగాల్ వాళ్లతో, నిజాంతో కలవలేదు. నా మాట కూడా మారదు.

కృష్ణాతీరం:
1906లో ఆయనకున్న కారణాలు ఏమిటో రాయండి. అక్కణ్నుంచి మాట్లాడదాం.