సరస్సు ఒడ్డున ఎవరూ కాపురముండని ఇళ్లు: హద్దు పెట్టాలా, వద్దా?

జెనీవా_ఉత్తరగట్టు

మేము న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో, సెనెకా సరస్సు ఉత్తరపు కొసన ఉన్న జెనీవా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. మా పక్క టౌన్‌లో వచ్చే నెల పబ్లిక్ హియరింగ్ ఉంది. యజమాని ఉండకుండా రాత్రికింత అని అద్దెకిచ్చే ఇళ్లు ఇన్నింటికి మించకూడదని టౌన్ బోర్డు ఒక హద్దు పెట్టాలనుకుంటోంది. హద్దు ఉండాలనే నేను మాట్లాడబోతున్నాను. వెళ్లేముందు మీ అందరి మాటా వినాలనిపించింది.

నా బాధ ఇది. మేము మొదట అద్దెకున్న వీధి సరస్సుకి దగ్గర. కొత్తలో మంచు పడితే ఎదురింటి పెద్దాయన తన మెషీన్‌తో మా వాకిలి కూడా శుభ్రం చేసేవాడు. ఆయన పోయాక పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు వేరే రాష్ట్రంలో ఉంటారు. ఇప్పుడు జులై నుంచి అక్టోబరు దాకా ప్రతి శుక్రవారం ఆ ఇంటి ముందు కొత్త కార్లు కనిపిస్తాయి. జనవరిలో మాత్రం దీపం ఉండదు. ఆ వరసలో అలాంటివి ఇంకో మూడిళ్లు ఉన్నాయి. మా ఇంటి ఓనరు కూడా అదే దారి పట్టి మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. మళ్లీ అద్దె ఇల్లు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఇక్కడి ద్రాక్షతోటల వైన్ వల్ల, దానికోసం వచ్చే పర్యాటకుల వల్లే ఈ ఊళ్లు బతుకుతున్నాయని నాకు తెలుసు. దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఇక్కడి చిన్న ఊళ్లలో ఫైరింజన్ ఎక్కేది చాలా చోట్ల జీతగాళ్లు కాదు, ఊరివాళ్లే. అర్ధరాత్రి పిలుపు వస్తే పక్క మీద నుంచి లేచి పరుగెత్తేది ఎవరో మెకానిక్, ఎవరో స్కూల్ బస్ డ్రైవర్. వాళ్లకి ఊళ్లో ఇల్లు దొరక్కపోతే ఆ ఫైరింజన్ ఎవరు తీస్తారు?

క్యూకా_ఇల్లు

మీ ఐదు నెలల సంగతి చదివి నిజంగా బాధేసింది. కానీ నేను అవతలి వైపు మనిషిని. ఇదే ప్రాంతంలోని క్యూకా సరస్సు ఒడ్డున మాకొక పాత ఇల్లుంది, వేసవిలో అద్దెకిస్తాం. ఒడ్డున ఉన్న ఇల్లు కాబట్టి పన్ను ఎక్కువ. అద్దె రాకపోతే ఎప్పుడో అమ్మేసేవాళ్లం.

ఈ ఊళ్లు ఒకప్పుడు ఎలా దెబ్బతిన్నాయో గుర్తు చేసుకోండి. క్యూకా దక్షిణపు కొసన ఉన్న హామండ్స్‌పోర్ట్‌లో ప్లెజెంట్ వ్యాలీ వైన్ కంపెనీ 1860లో మొదలైంది. దేశంలో 1వ నంబరు బాండెడ్ వైనరీ, అంటే ప్రభుత్వం దగ్గర నమోదైన వైన్ తయారీ కేంద్రం, అదే. 1880లో టేలర్ అనే వైన్ కంపెనీ వచ్చింది. చుట్టుపక్కల రైతులు తరాల తరబడి పండ్లు తెచ్చి ఇలాంటి పెద్ద కంపెనీలకే పోసేవారు. 1977లో టేలర్‌ను కోకా కోలా కొంది, తర్వాత సీగ్రామ్ అనే మద్యం కంపెనీకి అమ్మింది, అక్కడి నుంచి మళ్లీ చేతులు మారింది. చివరికి 1990ల్లో హామండ్స్‌పోర్ట్ ప్లాంటు మూతపడింది. ఎక్కడో ఆఫీసులో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడి ఊరు మూల్యం కట్టింది.

రైతుని నిలబెట్టింది 1976 నాటి ఫార్మ్ వైనరీ చట్టం. చిన్న రైతు తన పండుతో తనే వైన్ చేసి, తన గుమ్మంలోనే అమ్ముకునే వీలు దాంతో వచ్చింది. 1983లో కయూగా సరస్సు చుట్టూ ఉన్న వైనరీలు కలిసి వైన్ ట్రెయిల్ (వచ్చినవాళ్లు వరసగా చూస్తూ వెళ్లే దారి) పెట్టుకున్నాయి, దేశంలో అదే మొదటిది. అంటే గత నలభై ఏళ్లుగా ఈ ప్రాంతం గుమ్మానికి వచ్చే మనిషి మీదే నడుస్తోంది. మరి ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఈ చిన్న ఊళ్లలో హోటల్ గదులు ఎన్ని ఉంటాయి? మా ఇంట్లో దిగినవాళ్లు రెండు రోజుల్లో నాలుగైదు వైనరీలు తిరిగి, పెట్టెలకు పెట్టెలు కొనుక్కెళ్తారు. గదులకు హద్దు పెడితే నష్టపోయేది నేనొక్కదాన్నే కాదు.

రోచెస్టర్_శనివారం

మేము ఆ వచ్చేవాళ్లం. మా ఇంట్లో ఎవరం వైన్ తాగం. సెనెకా దక్షిణపు కొసన వాట్కిన్స్ గ్లెన్ జలపాతాలు చూడటానికి, సెప్టెంబరులో నేపుల్స్ ఊళ్లో 'ద్రాక్ష పై' (ద్రాక్షగుజ్జు నింపి కాల్చే తీపి వంటకం) కొనుక్కోవడానికి వస్తాం. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు కలిసి ఆరుగురం. పెద్దవాళ్లకి పత్యం వంట కావాలి. హోటల్లో మూడు గదులు తీసుకోలేం, అక్కడ వంటిల్లూ ఉండదు. మాలాంటి వాళ్లకి ఇల్లే దిక్కు. దయచేసి ఇది కూడా ఆలోచించండి.

ద్రాక్షపాదు

నేను సెనెకా పశ్చిమపు గట్టున తోట పనిలో ఉన్నాను. క్యూకా గారు రైతు గురించి చెప్పింది అక్షరాలా నిజం. డిస్ట్రిబ్యూటర్ ద్వారా, షాపు ద్వారా వెళ్లిన సీసాలో రైతుకి మిగిలేది తక్కువ. వైనరీలోనే రుచి చూపించే టేస్టింగ్ రూములో చేతికిచ్చి అమ్మిన సీసాలో ఆ మధ్యవాళ్ల వాటా ఉండదు. చిన్న వైనరీ నిలబడటానికి అదే కారణం. పర్యాటకుడు వద్దనేవాళ్లకి ఈ లెక్క తెలియదనుకుంటాను.

అయితే ఇల్లు, తోట అని మనం రెండు వేర్వేరు సంగతులుగా మాట్లాడుతున్నాం. నేల సంగతికి వస్తే రెండూ ఒకటే. ఇంత చలి ప్రాంతంలో ద్రాక్ష ఎలా బతుకుతోంది? సెనెకా 38 మైళ్ల పొడవు, 618 అడుగుల లోతు. అంత లోతైన నీరు చలికాలంలో పూర్తిగా గడ్డకట్టదు. వేసవి వేడిని పట్టుకుని, చలిలో మెల్లగా వదులుతుంది. వసంతంలో అదే నీరు చల్లగా ఉండి మొగ్గను తొందరపడి విచ్చుకోనివ్వదు, అందుకే ఆలస్యంగా వచ్చే మంచుకి మొగ్గ తప్పించుకుంటుంది. వాలు మీద చల్లగాలి కిందికి జారిపోతుంది. ఈ మేలంతా ఒడ్డుకి దగ్గరగా ఉన్న వాలుకే. కొండెక్కి నాలుగు మైళ్లు లోపలికి వెళ్తే ఆ రక్షణ పలచబడిపోతుంది. సరస్సు బాగా కనిపించే నేల కూడా ఈ వాలే. రీస్లింగ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష పండే చోటు, కిటికీలోంచి నీళ్లు కనపడాలని ఇల్లు కొనేవాడి కన్నుపడే చోటు ఒకటే. ఆ పోటీలో రైతు గెలవడు.

ఇక చలికాలం. పర్యాటకులు వెళ్లిపోయాక మా అసలు పని మొదలవుతుంది. యూరప్ జాతి ద్రాక్ష ఇక్కడ బతకదని ఒకప్పుడు అందరూ అనేవారు. ఉక్రెయిన్ నుంచి వచ్చిన డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ చలికి ఆగే వేరుమూలం మీద అంటు కట్టి బతికించి చూపాడు, 1962లో హామండ్స్‌పోర్ట్‌లో సొంత వైనరీ పెట్టాడు. ఆ అంటు కట్టిన చోటు గడ్డకట్టకుండా శీతాకాలానికి ముందు మొదళ్లకు మట్టి ఎగదోస్తాం, వసంతంలో తీస్తాం. జనవరి నుంచి మార్చి దాకా కత్తిరింపు. ఏ కొమ్మ ఉంచాలి, ఎన్ని మొగ్గలు వదలాలి అన్నది ఒక్కో పాదు దగ్గర నిలబడి చూసి నిర్ణయించాలి. అది కొన్నేళ్లు చేస్తేగానీ అబ్బదు. అలాంటి చేయి ఉన్న మనిషికి ఏడాది పొడవునా ఉండే ఇల్లు కావాలి. కిందటి చలికాలం మా తోటలో బాగా పనిచేసే జంట ఒకటి ఇల్లు దొరక్క వేరే జిల్లాకి వెళ్లిపోయింది. వాళ్ల బదులు వచ్చినవాళ్లకి కత్తిరింపు నేర్పడానికే ఫిబ్రవరి అయిపోయింది.

కాబట్టి అతిథుల్ని తగ్గించమని నేననను. ఖాళీగా పడుండే ఇళ్లను తగ్గించమంటాను.

వాట్కిన్స్_వంటిల్లు

సెనెకా దక్షిణపు కొసన వాట్కిన్స్ గ్లెన్‌లో రెస్టారెంట్‌లో పనిచేస్తాను. మా వంటవాళ్లలో సగం మంది ఎల్మైరా నుంచి ఇరవై మైళ్లు నడుపుకుని వస్తారు. మంచు తుఫాను వస్తే రాలేరు. కిందటి జులైలో జనం గుమ్మం దాకా నిలబడి ఉంటే, మనుషుల్లేక వారంలో రెండు రోజులు మూసేశాం. అతిథులు ఉన్నారు, వండేవాళ్లకి మాత్రం ఇక్కడ ఇల్లు లేదు. జనవరిలో తెరిచి ఉంచుదామంటే తినేవాళ్లుండరు, ఎందుకంటే వీధిలో కాపురాలే తగ్గిపోయాయి.

క్యూకా_ఇల్లు

మీరంతా చెప్పేది అర్థమవుతోంది, కానీ తప్పంతా మా మీద వేస్తే ఎలా? ఇళ్లు చాలకపోవడానికి పెద్ద కారణం కొత్తవి కట్టనివ్వకపోవడం. ఒడ్డు ఊళ్లలో చాలా చోట్ల ఒక ఇంటికి ఇంత పెద్ద స్థలం ఉండాలని నియమం. అపార్ట్‌మెంట్లకి అనుమతి దొరకడం కష్టం. మురుగునీటి లైను లేదు, అంతా సెప్టిక్ ట్యాంకులే, దగ్గర దగ్గరగా కట్టలేరు. వాట్కిన్స్ గారి వంటవాళ్లకి నా నాలుగు బెడ్‌రూముల ఒడ్డు ఇల్లు సరిపోతుందా? దాని అద్దె వాళ్లు భరించలేరు, నా పన్ను వాళ్లు కట్టలేరు. రేపు నాకు అనుమతి రద్దు చేస్తే ఆ ఇల్లు ఏ డబ్బున్నవాళ్లకో వేసవి విడిదిగా వెళ్తుంది. ఏడాదిలో ఆరు వారాలు ఉంటారు, మిగతా రోజులు తాళం. అప్పుడు మీకు అతిథీ ఉండడు, ఊరివాడూ ఉండడు.

ఇంకోటి. ఇక్కడ జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎలా వాడొచ్చో చెప్పే నియమాలు) ఏ టౌన్‌కి ఆ టౌన్‌దే. ఒక్క సెనెకా గట్టే నాలుగు కౌంటీల్లో ఉంది. మీరు ఇక్కడ హద్దు పెడితే కొనేవాళ్లు పక్క టౌన్‌కి పోతారు.

నీటి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. క్యూకా చుట్టూ ఉన్న ఊళ్లు 1990ల్లోనే కలిసి, ఒడ్డు దగ్గరి సెప్టిక్ ట్యాంకుల తనిఖీకి ఉమ్మడి ఏర్పాటు చేసుకున్నాయి. మా ట్యాంకు తనిఖీ అయింది. ఇద్దరికి కట్టిన ట్యాంకు మీద పన్నెండు మందిని దింపేవాళ్లని పట్టుకోండి, నేనూ మీ పక్కన నిలబడతాను. 2017లో స్కనియాటెలెస్ సరస్సులో విషపు నాచు వచ్చినప్పుడు, ఆ నీళ్లు తాగే సిరక్యూస్ నగరం ఎంత కంగారుపడిందో నాకు గుర్తుంది.

జెనీవా_ఉత్తరగట్టు

క్యూకా గారూ, మురుగునీటి లైను మాట నేను ఆలోచించనే లేదు. మీరు చెప్పింది నిజం. హియరింగ్‌లో అది కూడా అడుగుతాను. నాలుగు బెడ్‌రూముల ఒడ్డు ఇళ్ల సంగతిలో కూడా మీ మాట ఒప్పుకుంటున్నాను. నన్ను ఖాళీ చేయించింది అలాంటి ఇల్లు కాదు, ఊరి మధ్యలో రెండు గదుల ఇల్లు. నా బాధంతా అలాంటి ఇళ్ల గురించే.

కానీ అద్దె ఆపితే ఆ ఇల్లు వేసవి విడిది అవుతుందన్నారు చూడండి, నా భయం కూడా అక్కడే ఉంది. రెండింట్లోనూ ఊరి కోసం నిలబడే కాపురస్తులు ఉండరు. వాట్కిన్స్ గ్లెన్ పైన ఉప్పు గనుల పాత గుహల్లో గ్యాస్ నిల్వ చేస్తామని ఒక కంపెనీ వచ్చినప్పుడు ఏళ్ల తరబడి ఎదిరించింది ఎవరు? వైనరీవాళ్లు, టీచర్లు, రిటైరైనవాళ్లు. రోడ్డు మీద నిలబడి అరెస్టులు కూడా అయ్యారు. 2018లో రాష్ట్ర పర్యావరణ శాఖ ఆ ఎల్‌పీజీ నిల్వకి అనుమతి నిరాకరించింది. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్లేవాళ్లు హియరింగ్‌లో కూర్చోలేరు. వాళ్లని తప్పుపట్టను, వాళ్ల ఊరు వేరే.

రోచెస్టర్ గారూ, మీరు కొనే ద్రాక్ష పై గురించి ఒక మాట. నేపుల్స్‌లో చాలామంది దాన్ని ఇంట్లో చేసి వాకిట్లో బల్ల మీద పెట్టి అమ్ముతారు. కాంకర్డ్ అనే నల్ల ద్రాక్ష తొక్క వేరు చేసి, గుజ్జు ఉడికించి, గింజలు వడగట్టి, మళ్లీ తొక్క కలపాలి. ఓపికున్న మనిషి ఆ ఇంట్లో ఉంటేనే ఆ బల్ల ఉంటుంది. క్యూకా దగ్గరి పెన్ యాన్ ఊరి పక్కన జరిగే విండ్‌మిల్ సంత కూడా అంతే. 1987 నుంచి శనివారాల్లో నడుస్తోందంటే కూరగాయలు తెచ్చే మెనొనైట్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబాలు చుట్టూ కాపురముంటున్నాయి కాబట్టే.

అందుకని నా ప్రతిపాదన మార్చుకుంటున్నాను. యజమాని అదే స్థలంలో ఉంటే హద్దు వద్దు. ఊరి మధ్యలో ఉన్న చిన్న ఇళ్లకి గట్టి హద్దు. ఒడ్డు ఇళ్లకి ట్యాంకుని బట్టి మనుషుల లెక్క. ఇప్పటికే అనుమతి ఉన్నవాళ్లకి అలాగే ఉండనిచ్చి, ఇల్లు అమ్మినప్పుడు ఆ అనుమతి కొన్నవాడికి వెళ్లకూడదు.

ద్రాక్షపాదు

ఒక్కటి చేర్చండి. తోటలో ఉన్న పాత ఇంటిని అతిథులకిచ్చే రైతుల్ని ఈ లెక్కలో కలపొద్దు. 2023 మే నెలలో మొగ్గలు విచ్చుకున్నాక గడ్డకట్టే చలి వచ్చింది. మా పక్క తోటాయనకి ఒక వైపు పాదులన్నీ నల్లబడిపోయాయి. ఆ ఏడు బ్యాంకు వాయిదా కట్టింది ఆ ఇంటి అద్దెతోనే అని ఆయనే చెప్పాడు. ఆయన ఉండేది ఆ ఇంట్లో కాదు, రోడ్డు అవతల. "అదే స్థలంలో" అని రాస్తే ఆయన పోతాడు. "అదే టౌన్‌లో నివాసం" అని రాయండి.

క్యూకా_ఇల్లు

టౌన్‌లో నివాసం అన్న మాట బాగుంది. అమ్మినప్పుడు అనుమతి పోవాలన్నది మాత్రం నేను ఒప్పుకోను. మా రిటైర్మెంటు మొత్తం ఆ ఇంటి విలువలోనే ఉంది. హియరింగ్‌కి నేనూ వస్తాను, దానికి వ్యతిరేకంగానే మాట్లాడతాను. మురుగునీటి లైను గురించి మాత్రం ఇద్దరం కలిసి అడుగుదాం.

జెనీవా_ఉత్తరగట్టు

సరేనండీ. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఇస్తారు. లైను సంగతి మీరు ఎత్తండి, మీకు లెక్కలు బాగా తెలుసు. ఫైరింజన్ సంగతి, ఊరి మధ్య ఇళ్ల సంగతి నేను చెప్తాను. ద్రాక్షపాదు గారూ, కత్తిరింపు పనివాళ్ల గురించి మీరు ఒక ఉత్తరం రాసిస్తే చదువుతాను. "అదే టౌన్‌లో నివాసం" అన్న మాట ఈ రాత్రే నా కాగితంలో మార్చేస్తున్నాను.