అప్‌డేట్: హిగ్స్ దశలో కాస్మిక్ స్ట్రింగ్స్ ఎందుకు పుట్టలేదో తేలింది

విశ్వం చల్లబడి హిగ్స్ ఫీల్డ్ (కణాలకి మాస్ ఇచ్చే ఫీల్డ్) ఆన్ అయినప్పుడు కాస్మిక్ స్ట్రింగ్స్ (ఫీల్డ్‌లో విప్పలేని చుట్టుగా మిగిలిపోయే సన్నటి శక్తి గీతలు) పుట్టాలి కదా, మరి అవెక్కడ అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

పనికొచ్చింది వాక్యూమ్ మానిఫోల్డ్ (ఫీల్డ్‌కి కనిష్ఠ శక్తి ఇచ్చే విలువలన్నిటి సమితి) షేప్ చూడమన్న కామెంటే. దాన్ని పట్టుకెళ్లి మా ప్రొఫెసర్ గారిని అడిగితే బోర్డు మీద రెండు లైన్లలో తేల్చేశారు, హిగ్స్ డబ్లెట్‌లో (హిగ్స్ ఫీల్డ్ అంటే రెండు కాంప్లెక్స్ ఫీల్డ్స్ జంట) నాలుగు రియల్ ఫీల్డ్స్, వాటి వర్గాల మొత్తం ఫిక్స్, అంటే కనిష్ఠ శక్తి బిందువులన్నీ కలిపితే త్రీ-స్ఫియర్ (నాలుగు డైమెన్షన్లలోని బంతి ఉపరితలం), దాని మీద ఏ లూప్ వేసినా బంతి మీది రబ్బర్ బ్యాండ్‌లా జారి చుక్కైపోతుంది, ఇక స్ట్రింగ్‌ని పట్టి ఉంచేదేదీ లేదు. 1976లో ఫిజిసిస్ట్ టామ్ కిబుల్ చెప్పిన లెక్కే ఇది. ఒకే కాంప్లెక్స్ ఫీల్డ్ అయితే సర్కిల్ వస్తుంది, ఆ చుట్టు విప్పలేం, అక్కడ స్ట్రింగ్ మిగులుతుంది. (జడ్-స్ట్రింగ్స్ అని, ఇలా షేప్ పట్టి ఉంచని రకం స్ట్రింగ్స్ ఉన్నాయి గానీ, మన స్టాండర్డ్ మోడల్, అంటే ఇప్పటి కణ సిద్ధాంతం, విలువలకి అవి నిలబడవు.)

ఇన్‌ఫ్లేషన్ (తొలి క్షణాల్లో విశ్వం విపరీతంగా ఉబ్బడం) స్ట్రింగ్స్‌ని పలచబరిచేసింది అన్న జవాబుకి దీనితో సంబంధం లేదు, మామూలు మోడల్స్‌లో అది ఎలక్ట్రోవీక్ దశ (హిగ్స్ ఫీల్డ్ ఆన్ అయ్యే దశ) కంటే చాలా ముందే అయిపోతుంది. హిగ్స్ మాస్ 125 జీఈవీ కాబట్టి ఆ ఎలక్ట్రోవీక్ మార్పు నున్నటి క్రాసోవర్ (ఒక్కసారిగా కాకుండా మెల్లగా జరిగే మార్పు) మాత్రమే అన్న జవాబు కరెక్టే, కానీ అసలు కారణం అది కాదు.

గ్రాండ్ యూనిఫికేషన్ దశలో (గురుత్వాకర్షణ తప్ప మిగతా బలాలన్నీ ఒకటిగా ఉండేవని చెప్పే ఇంకా ముందు దశ) పుట్టే స్ట్రింగ్స్ సంగతి వేరు, వాటికి ప్లాంక్ శాటిలైట్ (విశ్వపు తొలి వెలుగుని కొలిచింది) డేటా పెట్టిన లిమిట్ ఉంది, అది ఇంకో ప్రశ్నగా అడుగుతా.