మధుమేహంలో కిడ్నీని చెరిపేది చక్కెర ఒక్కటేనా, మన రక్షణ కణాలు కూడానా?

కర్నూలు అధ్యాపకుడు:
“షుగరు అదుపులో ఉంటే కిడ్నీ గురించి బెంగ అక్కర్లేదు” అని ఇక్కడ ఒకరు రాసిన మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. రక్తంలో చక్కెర చాలాకాలం హెచ్చుగా ఉంటే కిడ్నీ కణాలు ఎంసీపీ-1 అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాని పిలుపు అందుకుని రక్తంలోని మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కిడ్నీలోకి చేరి, మాక్రోఫేజులనే పెద్ద రక్షణ కణాలుగా మారి, టీఎన్ఎఫ్ వంటి వాపు సంకేత ప్రోటీన్లతో వాపును పెంచుతాయి. అది ఏళ్ల తరబడి చల్లారకపోతే మంచి కణజాలం ఉండవలసిన చోట మచ్చ కడుతుంది. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనాల్లో, రక్తంలో టీఎన్ఎఫ్ గ్రాహకాలు (ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు) అధికంగా ఉన్న మధుమేహులలోనే తరువాతి కాలంలో కిడ్నీ వైఫల్యం ఎక్కువగా కనిపించింది. తగవు మొదలుపెట్టేది చక్కెర, దాన్ని పెంచి పెద్దది చేసేది రక్షణ వ్యవస్థ అని నా వాదన.

కడప పాథాలజిస్టు:
అధ్యాపకుల వారు చెప్పిన క్రమం సరైనదే కానీ, తీర్పు తొందరపడింది. నేను రోజూ చూసే స్లైడ్లలో, ఒకదానిపై గట్టిపడిన వడపోత గుచ్ఛాలు గులాబీ రంగు ముద్దల్లా ఉంటే, అదే కిడ్నీ ముక్కకు మాక్రోఫేజులను గుర్తుపట్టే సీడీ68 రంగు పరీక్ష చేసిన పక్క స్లైడుపై నాళికల నడుమ మాక్రోఫేజులు గోధుమరంగు చుక్కల్లా కనిపిస్తాయి. చెరువు కట్ట తెగిన చోట జనం గుమిగూడారని కట్ట తెంపినది వారేనంటామా? వారిలో ఇసుక మూటలు మోసేవారూ ఉంటారు. మాక్రోఫేజులలో చనిపోయిన కణాలను శుభ్రం చేసి వాపును తగ్గించేవీ ఉన్నాయి. ఎంసీపీ-1 గ్రాహకాన్ని అడ్డుకునే మందుపై 2015లో వెలువడిన పరీక్షలో కిడ్నీ వడపోత దెబ్బతింటే మూత్రంలోకి పోయే ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ కొంత తగ్గింది. అంతమాత్రాన కిడ్నీ వైఫల్యం ఆగుతుందని రుజువు కాలేదు.

అనంతపురం వాసి:
సార్, ఒక సందేహం. వేరుశనగ చేలల్లో పని చేసి మోకాళ్లు అరిగిన మా నాన్నగారికి పదేళ్లుగా షుగరు ఉంది. మొన్న ఒక దుకాణంలో “కిడ్నీని కాపాడే ప్రోటీన్” అంటూ ఒక పొడి డబ్బా అంటగట్టారు. కిడ్నీని నిజంగా కాపాడే ప్రోటీన్లంటే ఇవేనా?

కడప పాథాలజిస్టు:
కావు. ఉదాహరణకు క్లోథో అనే ప్రోటీన్‌ను ముఖ్యంగా కిడ్నీయే తయారు చేసుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1997లో దాన్ని కనుగొని, గ్రీకు పురాణంలో ఆయుష్షు నూలు వడికే దేవత పేరు పెట్టారు. కిడ్నీ దెబ్బతినే కొద్దీ అది తగ్గుతుంది. ఎలుకలలో దాన్ని తిరిగి అందిస్తే మచ్చ కట్టడం తగ్గింది. తిన్న ప్రోటీన్ ఏదైనా కడుపులో జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది కాబట్టి, పొడి తాగితే క్లోథో పెరగదు. పైగా దెబ్బతిన్న కిడ్నీకి అధిక ప్రోటీన్ భారమే. మోకాళ్ల నొప్పికి ఆయన సొంతంగా మాత్రలు వేసుకుంటుంటే, కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు కాబట్టి, డబ్బా కంటే ముందు వాటి సంగతి డాక్టరుతో చెప్పండి.

కర్నూలు అధ్యాపకుడు:
ఇక్కడ నేను కొంత వెనక్కి తగ్గుతున్నాను. కణాలలోని ఎన్ఆర్ఎఫ్2 అనే రక్షక ప్రోటీన్‌ను మేల్కొలిపే బార్డోక్సోలోన్ మందును 2,185 మందిపై పరీక్షిస్తుండగా, గుండె వైఫల్యం కేసులు పెరగడంతో 2012లో ఆపివేశారు. రక్షకుడిని లేపడం కూడా అంత సులువు కాదన్నమాట. మరోవైపు, 4,401 మందిపై జరిగి 2019లో వెలువడిన క్రెడెన్స్ పరీక్షలో కానాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మందు, కిడ్నీ వైఫల్యం, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసే వ్యర్థం) రెట్టింపు కావడం, కిడ్నీ లేదా గుండె సంబంధ మరణం కలిసిన ముప్పును దాదాపు 30 శాతం తగ్గించింది. ఆ మేలు చక్కెర తగ్గడం ఒక్కదానివల్లే వచ్చినది కాదు. కనుక చక్కెర ఒక్కటే అన్న మాటను మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అనంతపురం వాసి:
మరి నాన్నగారికి ఏ పరీక్ష చేయించాలి?

కడప పాథాలజిస్టు:
ఉదయపు తొలి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్. నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. జ్వరం ఉన్న రోజు మాత్రం వద్దు.

అనంతపురం వాసి:
సోమవారం తీసుకువెళ్తాను సార్. డబ్బా మూత ఇంకా తీయలేదు, దాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాను.