ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగుల సంతృప్తిని ఎలా అడిగి తెలుసుకోవాలి?

ప్రశ్న (సామాజిక వైద్య విద్యార్థిని, తిరుపతి):
మా ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే బీపీ, షుగర్ రోగుల సంతృప్తిపై ప్రాజెక్టు చేస్తున్నాను. మందులు తీసుకుని బయటికి వస్తున్నవారిని గుమ్మం దగ్గర అడిగితే, దాదాపు అందరూ 'బాగానే చూస్తారమ్మా' అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. అలా చెప్పిన ఒక పెద్దాయనే, డాక్టరుగారు తలెత్తి చూడనైనా లేదని పక్కవారితో అనడం విన్నాను. ఈ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత ఏఎన్‌ఎం, చంద్రగిరి):
వారు అబద్ధం చెప్పడం లేదమ్మా. నెలనెలా మందులకు రాక తప్పని చోట, చేతిలో కాగితాలు పట్టుకున్న మనిషి అడిగితే ఎవరైనా ఆచితూచే మాట్లాడతారు. ఇంటి దగ్గర, ఆశా కార్యకర్త కూడా పక్కన లేనప్పుడు అడగండి. 'సంతృప్తిగా ఉన్నారా' అనే ప్రశ్న కంటే, 'ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఎవరు చెప్పారు, పోయిన నెల ఏ మందైనా బయట కొన్నారా' అన్న ప్రశ్నలకే అసలు సంగతి బయటపడుతుంది. కేంద్రంలో చాలా బాగా చూస్తారని మెచ్చుకున్న ఒక అవ్వ, కొంగుముడి విప్పి రెండు మాత్రల అట్టలు చూపించింది. ఒకటి కేంద్రంలో ఇచ్చినది, రెండోది బయట కొన్నది. పేర్లు వేరైనా రెండూ అమ్లోడిపిన్ అనే ఒకే బీపీ మందు మాత్రలే, ఆమె రెండూ వేసుకుంటోంది. ఆమె సంతృప్తి నిజమైనదే, కానీ ఆమెకు అందవలసిన మాట అందలేదు.

సమాధానం (వైద్యాధికారి, చిత్తూరు జిల్లా):
పై మాట అక్షరాలా నిజం. వైద్య నాణ్యతను వసతులు, వైద్యం జరిగే తీరు, ఫలితం అని మూడుగా చూడాలని వైద్య నాణ్యతపై పరిశోధించిన డోనబెడియన్ 1966లోనే ప్రతిపాదించారు. మన సర్వేలు మాత్రం ఎక్కువగా కుర్చీలు, తాగునీరు, మరుగుదొడ్ల దగ్గరే ఆగిపోతాయి. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక కేంద్రం అన్నది ప్రమాణం కనుక, ఓపీ రద్దీలో ఒక్కొక్కరికి దక్కే సమయం తక్కువే. ఆ కొద్ది సమయంలోనైనా రోగి ముఖం చూసి మాట్లాడటం మా బాధ్యత, దానికి రద్దీని సాకుగా చూపకూడదు. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన 'మేరా అస్పతాల్' ద్వారా ఫోనులోనూ అభిప్రాయాలు సేకరిస్తారు గానీ, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు చేతిలో ఉంటే ఆ పిలుపు అవ్వదాకా చేరదు.

సమాధానం (నగరి):
మా వైపు చాలా ఇళ్లలో తమిళం మాట్లాడతారు. ప్రశ్నపత్రాన్ని గ్రాంథికమైన తెలుగులో చదివి వినిపిస్తే తల ఊపి ఊరుకుంటారు. దయచేసి తమిళం వచ్చినవారిని వెంట తీసుకురండి.