ఉద్యోగంలో చేరితే పింఛను ఆగుతుంది, ఉద్యోగం పోతే మళ్లీ వస్తుందా?

మసకచూపు:
నాకు ఒక కన్ను అసలు లేదు, రెండో దాంతో మనుషుల ఆకారాలు తెలుస్తాయి గానీ అక్షరాలు తెలియవు. కంప్యూటర్ పనంతా, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే. ఎనిమిదేళ్లుగా వైకల్య పింఛను మీద, అప్పుడప్పుడు దొరికే టైపింగ్ పనుల మీద నెట్టుకొస్తున్నా. ఇప్పుడు ఒక కంపెనీ కస్టమర్ల మెయిళ్లకు జవాబులు రాసే ఉద్యోగం ఇస్తామంది. మొదటి ఆర్నెల్లు ప్రొబేషన్. జీతం పింఛనుకు దాదాపు మూడు రెట్లు. ఇంట్లో అందరికీ పండగే, నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. చేరిన నెల నుంచే పింఛను ఆపేస్తారట. ఆర్నెల్ల తర్వాత వాళ్లు వద్దంటే నా గతేంటి? మళ్లీ దరఖాస్తు, మళ్లీ డాక్టర్ల ముందు కూర్చుని నాకు నిజంగానే కనపడదని నిరూపించుకోవడం, మళ్లీ ఎదురుచూపులు. పోయినసారి మంజూరు కావడానికి పదకొండు నెలలు పట్టింది. "ఇలా భయపడితే జీవితాంతం ఇక్కడే ఉంటావ్" అంటాడు అన్నయ్య. నేను పనికి బద్ధకించే రకం కాదు, లెక్క కుదరట్లేదు, అంతే. ఈ దశ దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి. ధైర్యం చెప్పక్కర్లేదు, అది ఇంట్లో కావలసినంత దొరుకుతోంది.

చక్రాలబండి:
మూడు రెట్లు అన్నారు, అందులో చేతిలో మిగిలేదెంతో చూశారా? నా మొదటి ఉద్యోగంలో నేనూ జీతం అంకె చూసి ఎగిరి గంతేశా. బస్సుకి ర్యాంపు లేదు కాబట్టి రోజూ టాక్సీ. పొద్దున నన్ను తయారు చేసే ఆవిడ ఇంకో గంట ముందు రావాలి కాబట్టి ఆవిడకి ఎక్కువ ఇవ్వాలి. నెలాఖరుకి చూస్తే పింఛనుతో ఇంట్లో ఉన్నప్పటి కంటే పెద్దగా మిగిలిందేం లేదు. పైగా ఆఫీసు టాయిలెట్ తలుపు వెడల్పు నా చక్రాల కుర్చీ కంటే నాలుగు వేళ్లు తక్కువ. చేరిన రోజే చెప్పాను, చూద్దామన్నారు, చూస్తూనే ఉన్నారు. నేను సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశాను. కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ వచ్చి, ఐదో నెలలో ఉద్యోగం నేనే వదిలేశా. రికార్డులో మాత్రం "వ్యక్తిగత కారణాలు" అని ఉంటుంది.

అసలు గొడవ ఎక్కడుందంటే, వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చుకి ఇచ్చేది వేరు, పని లేనందుకు ఇచ్చేది వేరు. చాలాచోట్ల రెండూ ఒకే మూటలో కట్టేస్తారు, ఉద్యోగం రాగానే మూట మొత్తం లాక్కుంటారు. ఉద్యోగం వస్తే కాళ్లు వస్తాయా, కళ్లు వస్తాయా? ఖర్చు అక్కడే ఉంటుంది కదా. ఇంగ్లండ్, వేల్స్‌లలో పిప్ అని ఒక భృతి ఉంది, జీతంతో దానికి సంబంధం లేదు, పనిచేస్తున్నా వస్తుంది. బ్రిటన్‌లోనే 1994 నుంచి యాక్సెస్ టు వర్క్ అనే పథకం ఉంది, పనికి వెళ్లిరావడానికి, పరికరాలకి, సహాయకులకి అయ్యే అదనపు ఖర్చులో సాయం చేస్తుంది. మీ పింఛను ఈ రెండింట్లో దేనికోసం ఇస్తున్నారో ముందు కాగితం చూసి తెలుసుకోండి.

పాతఫైలు:
తమ్ముడూ, నేను ఇలాంటి దరఖాస్తులు చూసే ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను. కౌంటర్ దగ్గర "పింఛను పోతుందా" అని అడిగితే "పోతుంది" అనే అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. ప్రశ్న మార్చి అడుగు. రద్దు చేస్తారా, తాత్కాలికంగా నిలిపివేస్తారా? రద్దయితే కొత్త దరఖాస్తు, కొత్త వైద్య పరీక్ష. నిలిపివేత అయితే పాత ఫైలే మళ్లీ తెరుస్తారు. రెంటికీ నీ విషయంలో ఆ పదకొండు నెలల తేడా. పింఛనుతో పాటు వైద్య ఖర్చుల సాయం కూడా వస్తుంటే అది కూడా ఆగుతుందేమో విడిగా అడుగు, జనం మర్చిపోయేది ఇదే.

అమెరికాలో పనిచేసి బీమా కట్టినవాళ్లకి వచ్చే వైకల్య భృతిలో, పనిచేసి చూసుకోవడానికి తొమ్మిది నెలల ట్రయల్ ఉంటుంది. 60 నెలల వ్యవధిలో ఏ తొమ్మిది నెలలైనా సరే, ఎంత సంపాదించినా భృతి పూర్తిగా ఇస్తారు. పని వల్ల భృతి ఆగిపోయినవాళ్లు ఐదేళ్లలోపు మళ్లీ పని చేయలేని స్థితికి వస్తే కొత్త దరఖాస్తు లేకుండా పునరుద్ధరించమని అడగొచ్చు, వాళ్లు తేల్చేలోపు ఆరు నెలల దాకా తాత్కాలికంగా చెల్లిస్తారు కూడా. ఇలాంటి తలుపు ఒకటి వెనక తెరిచి ఉంటే మనిషి ముందుకి అడుగేస్తాడు. అలాగని అక్కడంతా బాగుందనుకోకు, పేదలకిచ్చే ఇంకో భృతి ఉంది, ఒంటరి మనిషి దగ్గర లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఆ హద్దు 1989 నుంచి మారలేదు. నాలుగు డబ్బులు దాచుకుంటే శిక్ష అన్నమాట.

ఇంకోటి. చేరిన రోజే ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేసి అందినట్టు సంతకం తీసుకో. ఆలస్యమైతే "మీకు ఎక్కువ చెల్లించాం, తిరిగి కట్టండి" అని ఉత్తరం వస్తుంది, అదీ డబ్బు ఖర్చైపోయాక వస్తుంది. నా సర్వీసులో ఆ ఉత్తరాలు నేనే చాలా పంపాను, సంతోషంగా ఏం పంపలేదు.

సూటిమాట:
ఇంత ఆలోచన ఎందుకో అర్థం కాదు. చాలా దేశాల్లో కోటాలున్నాయి, ఈ కంపెనీ పోతే ఇంకోటి చూసుకోవచ్చు కదా.

రెండోషిఫ్టు:
కోటాతో ఉద్యోగం వస్తుంది, నిలబడుతుందని హామీ లేదు. జర్మనీలో 20 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ 5 శాతం, ఫ్రాన్స్‌లో 6 శాతం వైకల్యం ఉన్నవాళ్లని తీసుకోవాలి, లేకపోతే డబ్బు కట్టాలి. మనిషిని తీసుకోకుండా ఆ డబ్బే కట్టేసి చేతులు దులుపుకునే సంస్థలూ ఉన్నాయి.

మసకచూపు గారూ, నేను మీరు చెప్పినలాంటి టీమ్‌కే లీడ్‌ని. మా దగ్గర పూర్తిగా చూపు లేని ఒకాయన చేరాడు. మెయిళ్లు రాయడంలో మా అందరికంటే ఫాస్ట్. కానీ కస్టమర్ల ఒక్కో మెయిల్‌నీ ఒక టికెట్‌గా చూపించే మా సాఫ్ట్‌వేర్‌లో బటన్లకి రీడర్ చదవగలిగే పేర్లు పెట్టలేదు, ట్యాబ్ కొట్టిన ప్రతిసారీ ఆయన హెడ్‌ఫోన్స్‌లో "బటన్... బటన్... బటన్" అని మాత్రమే వినిపించేది. ఎడమ నుంచి ఏడోది "పంపు", ఎనిమిదోది "తొలగించు" అని బట్టీ పట్టాడు పాపం. ఒకరోజు అప్‌డేట్ వచ్చి వరుస మారింది, పంపాల్సిన టికెట్లు పదిహేను తొలగించేశాడు. తప్పు ఆయన ఖాతాలో పడింది. నేను నాలుగు నెలలు వెంటపడితే ఆ పేర్లు పెట్టారు, తీరా చేస్తే డెవలపర్‌కి అది సగం రోజు పని. ఈలోపు ఆయన ప్రొబేషన్ పొడిగించారు. ఆ విషయంలో నాకిప్పటికీ సిగ్గే.

అందుకే ఆఫర్ మీద సంతకం పెట్టకముందే అసలు సాఫ్ట్‌వేర్ మీద ఒక గంట కూర్చోబెట్టమని అడగండి, డెమో వద్దు. లాగిన్‌లో బొమ్మలు చూసి మనిషినని నిరూపించుకునే క్యాప్చా ఉందా, ఎన్‌విడిఎ లాంటి ఉచిత రీడర్‌తో పని జరుగుతుందా, జరగకపోతే లైసెన్స్ ఎవరు కొంటారు, అన్నీ మెయిల్‌లో ఉండాలి. ఇది దయ కింద అడిగేది కాదు. ఐక్యరాజ్యసమితి 2006 వికలాంగుల హక్కుల ఒప్పందం ప్రకారం సహేతుకమైన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే.

ఎత్తుపల్లాలు:
నాది బైపోలార్, మనసు ఎత్తుకీ పల్లానికీ ఊగే జబ్బు, బయటికి కనపడదు, కాబట్టి నన్ను చూసి ఎవరూ పింఛను పోతుందేమో అని జాలిపడరు, పింఛను ఎందుకు అనే అడుగుతారు. నేను వారానికి మూడు రోజుల పని అడిగి తీసుకున్నా. మీ దగ్గర పింఛను ఒక్కసారిగా ఆగుతుందా, సంపాదనని బట్టి మెల్లగా తగ్గుతుందా కనుక్కోండి. మెల్లగా తగ్గేదైతే తక్కువ గంటలతో మొదలుపెట్టడం మంచిది. ఒక్కసారిగా ఆగేదైతే మాత్రం పార్ట్ టైమ్ పెద్ద బొక్క, అటూ ఇటూ కాకుండా పోతారు.

మసకచూపు:
అందరికీ థాంక్స్. ఆఫీసుకి ఫోన్ చేశాను. సంవత్సరంలోపు ఉద్యోగం పోతే పాత ఫైలే తెరుస్తామన్నారు, మరి అది రాసివ్వండి అంటే "అలా రాసివ్వం" అన్నారు. మీరు ఫోన్‌లో చెప్పింది ఇదీ అని ఈ రోజే మెయిల్ పెట్టా, తప్పైతే సరిదిద్దమని. కంపెనీవాళ్లు గంట కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నారు. మూడుచోట్ల ఆగిపోయాను, పక్కన కూర్చున్న అమ్మాయి రాసుకుంది. రెండు సరిచేశాక చేరే తేదీ పెట్టుకుందామన్నారు, మూడోది బయటివాళ్ల సాఫ్ట్‌వేరట, దానికి వేరే దారి చూస్తారట. పింఛను ఆఫీసు మెయిల్ వచ్చేదాకా నేనైతే సంతకం పెట్టట్లేదు.

చక్రాలబండి:
లిఫ్ట్ ఎన్నో అంతస్తో పలుకుతుందా?

మసకచూపు:
పలకదు. బటన్ల పక్కన బ్రెయిలీ స్టిక్కర్లు అంటిస్తామన్నారు. నాకు బ్రెయిలీ రాదు, ఆ మాట వాళ్లకి ఇంకా చెప్పలేదు.