రోజంతా పనే, కానీ డిజైన్ చేసేది మూడు గంటలే. మీ అందరికీ ఇంతేనా?

అర్ధరాత్రి_ఆర్ట్‌బోర్డ్:

ఉద్యోగం మానేసి సొంతంగా గ్రాఫిక్ డిజైన్ చేసుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. పని లేదని కాదు నా బాధ, పని బానే ఉంది, మోయలేనంత ఉంది. ఇప్పుడు చేతిలో ఒక లోగో, పన్నెండు పేజీల బ్రోషర్ ఒకటి, ఇద్దరు క్లయింట్లకి నెలంతా వెళ్లాల్సిన సోషల్ మీడియా పోస్టులు ఉన్నాయి, అది చాలదన్నట్టు నాలుగు నెలల కిందట డబ్బులు కూడా వచ్చేసిన ఒక పోస్టర్ "చిన్న మార్పే" అంటూ మళ్లీ తిరిగొచ్చింది. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే రాత్రి పదకొండుకి కూడా ఫోన్ మోగుతూనే ఉంటుంది, అయినా పడుకునే ముందు ఇవాళ ఏం చేశానా అని చూసుకుంటే నిజంగా డిజైన్ మీద కూర్చున్నది మూడు గంటలు, మహా అయితే నాలుగు.

నిన్నటి సంగతి చెప్తా. బ్రోషర్ కవర్ చేస్తున్నా, గ్రిడ్ కుదిరింది, టైటిల్ అక్షరాల మధ్య ఖాళీలు సరిచేస్తున్నా. సరిగ్గా అప్పుడే లోగో క్లయింట్ వాయిస్ మెసేజ్, ఏడు నిమిషాలు. మొత్తం విన్నా. అందులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే, నీలం కాస్త ముదురుగా కావాలట, మిగతాదంతా ఆ లోగో చూసి వాళ్ల బావగారు ఏమన్నారో. సరే, మార్చి పంపా, "ఇంకొంచెం" అన్నారు, మళ్లీ పంపా, "పాతదే బాగుంది" అన్నారు. తిరిగి కవర్ దగ్గరికి వచ్చేసరికి ఏ అక్షరం దగ్గర ఆగానో కూడా గుర్తులేదు. ఫోల్డర్‌లో చూస్తే ఫైనల్, ఫైనల్2, ఫైనల్_ఇదే, ఫైనల్_నిజంగా అని నాలుగు ఫైళ్లు, ఆ కంగారులో బ్రోషర్ వాళ్లకి పాతది వెళ్లిపోయింది, అదొక గొడవ.

వెంటనే జవాబు ఇవ్వకపోతే ఇంకొకర్ని చూసుకుంటారేమోనని భయం. ఇస్తూ కూర్చుంటే పని సాగదు. మీరంతా రోజుని ఎలా లాక్కొస్తున్నారో చెప్పండి.

లేయర్_లెక్కలు:

మీకే కాదండీ. నేను ఒకసారి రెండు వారాల పాటు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి అరగంటకీ ఏం చేస్తున్నానో రాసుకున్నా. డిజైన్ కంటే మెసేజ్‌లకీ, ఫైళ్లు వెతకడానికీ, రావాల్సిన డబ్బులు అడగడానికీ ఎక్కువ పోతోందని తేలింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది కరెక్షన్లు. ఒకే పోస్టర్‌కి ముగ్గురు మూడు వైపుల నుంచి చెప్తుంటే, ఒకరు పెద్దది చేయమన్న హెడ్డింగ్‌ని ఇంకొకరు చిన్నది చేయమన్నారు, నేను రెండూ చేశా, ఇద్దరికీ కోపం వచ్చింది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా. మార్పులన్నీ వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, ఒకే మనిషి, ఒకేసారి, రాతలో పంపాలి. పనికి ముందు రేటు చెప్తూ పంపే కోట్‌లోనే రాసేస్తా, ఈ రేటులో రెండు రౌండ్ల కరెక్షన్లు ఉంటాయి, మూడోదానికి విడిగా డబ్బులు అని. ఆ వాక్యం రాసిన దగ్గర్నుంచి మూడో రౌండ్ దాదాపు రావడమే మానేసింది, అంటే మొదటి రెండుసార్లూ వాళ్లు జాగ్రత్తగా చూస్తున్నారన్నమాట. వాయిస్ మెసేజ్ వస్తే "ఇందులో మార్పులు నాలుగు లైన్లలో రాసి పెట్టగలరా, ఏదీ మిస్ కాకుండా ఉంటుంది" అని మర్యాదగా అడుగుతా. రాయమంటే సగం మార్పులు వాళ్లే వదిలేస్తారు.

ఫైల్ పేర్లలో ఫైనల్ అన్న మాట ఈరోజే తీసేయండి. క్లయింట్ పేరు, పని పేరు, తేదీ, 01, 02, 03. అంతకు మించి ఏమీ వద్దు.

మ్యూట్_బటన్:

మధ్యాహ్నం దాకా ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కగదిలో పడేస్తా. ఆరేళ్లయింది. పని పోలేదు.

రోజుకో_పోస్ట్:

అన్నా, అది అందరికీ కుదరదు. నాది మొత్తం సోషల్ మీడియా పనే, పొద్దున అడిగింది సాయంత్రానికి పాతబడిపోతుంది, మధ్యాహ్నం దాకా ఫోన్ చూడకపోతే నిజంగానే పని పోతుంది. నేను చేసేదేంటంటే ఒక్కో క్లయింట్‌కి ఐదారు టెంప్లేట్లు ముందే కట్టి పెట్టుకుంటా, రంగులు, ఫాంట్లు, లోగో ఉండే చోటు అన్నీ ఖాయం, రోజువారీ మార్చేది ఫొటో, మాటలు మాత్రమే. అలా వారానికి సరిపడా పోస్టులు ఒక్కరోజులో కూర్చుని చేసేస్తా, అప్పటికప్పుడు వచ్చేవి పది నిమిషాల్లో అయిపోతాయి. బోర్ కొడుతుందా అంటే కొడుతుంది, ఒప్పుకుంటా. అందుకే వారంలో ఒక పూట నా కోసం ఏదో ఒకటి గీసుకుంటా, అది ఎవరికీ చూపించను.

బ్లీడ్_మూడు_మిల్లీ:

నాది ఎక్కువగా ప్రింట్ పని కాబట్టి ఒక మాట. బిజీగా ఉండటం వల్ల టైమ్ పోవడం ఒక ఎత్తు, తప్పులు దొర్లడం ఇంకో ఎత్తు. స్క్రీన్ మీద పోస్ట్ తప్పయితే తీసేసి మళ్లీ పెట్టొచ్చు, అచ్చయిన కాగితాన్ని ఏం చేస్తాం?

ఒకసారి రాత్రి ఒంటిగంటకి, రెండు పనుల మధ్యలో, ఒక ఆహ్వానపత్రం ఫైల్ పంపించేశా. ఆర్‌జీబీలోనే, అంటే స్క్రీన్ వాడే రంగుల్లోనే, ఉండిపోయింది. స్క్రీన్ మీద మెరిసిపోయిన నీలం ప్రెస్‌లో సీఎంవైకేకి, అంటే అచ్చుకి వాడే నాలుగు ఇంకు రంగుల్లోకి, మారేసరికి ఊదా రంగులోకి తిరిగింది. చిన్న అక్షరాల నలుపుని నాలుగు రంగులూ కలిపి పెట్టా, ఒక్కో రంగుకి ఒకటి ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకి జరిగాయి, ప్రతి అక్షరం పక్కనా ఎర్రటి నీడ. ఫాంట్‌ని అవుట్‌లైన్ చేయడం, అంటే అక్షరాలని బొమ్మలుగా మార్చేయడం, కూడా మర్చిపోయా, వాళ్ల మెషీన్‌లో ఆ ఫాంట్ లేదు, వత్తులన్నీ ఊడి పక్కన కూర్చున్నాయి. రెండు వేల కాపీలు. మళ్లీ అచ్చు ఖర్చు నాదే, అడగకముందే ఒప్పుకున్నా, ఎందుకంటే తప్పు పూర్తిగా నాది.

ఆ మర్నాడే ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అంటించా: సీఎంవైకేనా, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపుకి వదిలే అదనపు అంచు) ఉందా, ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉన్నాయా, చిన్న అక్షరాలు ఒట్టి నలుపేనా, ఫాంట్లు అవుట్‌లైన్ అయ్యాయా. ఇంకోటి, ప్రింట్ ఫైల్ ఎంత తొందరైనా రాత్రి పంపను. రాత్రి పూర్తిచేసి పొద్దున కొత్త కళ్లతో చూసి పంపుతా. పొద్దున చూస్తే ఏదో ఒకటి దొరుకుతుంది, నమ్మండి. అలాగే లోగోని వాట్సాప్‌లో ఫొటోలా పంపేవాళ్లకి ఓపిగ్గా చెప్పండి, అది నలిగిపోయి వస్తుంది, ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైల్ ఉంటే డాక్యుమెంట్‌లా పెట్టమని. ఇది పని మొదట్లో అడిగితే ఒక మెసేజ్, చివర్లో అడిగితే ఒక రోజు.

అడ్వాన్స్_ముందు:

అందరూ టైమ్ గురించి చెప్తున్నారు, రేటు గురించి ఎవరూ ఎత్తట్లేదేం? ఐదు పనులు ఒకేసారి ఎందుకు తీసుకుంటున్నారు, ఒక్కోదానికి తక్కువ వస్తోంది కాబట్టే కదా.

1971లో నైకీ గుర్తు గీసిన కారొలిన్ డేవిడ్‌సన్ అప్పటికి డిజైన్ విద్యార్థిని, గంటకి 2 డాలర్ల లెక్కన 35 డాలర్ల బిల్లు వేసింది. 1983లో కంపెనీ పిలిచి షేర్లు ఇచ్చింది, అది వాళ్ల మంచితనం, మనందరికీ అలా జరగదు. గంటల లెక్కన అడిగితే చేయి తిరిగేకొద్దీ మనకి వచ్చేది తగ్గుతుంది, ఎందుకంటే మొదట్లో రెండు రోజులు పట్టిన పని ఇప్పుడు ఒక పూటలో అవుతుంది. అందుకే నేను పనికింత అని చెప్తా. ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు అన్నది అడిగి మరీ చెప్తా. సగం అడ్వాన్స్ వచ్చాకే ఫైల్ తెరుస్తా, మిగతా సగం వచ్చాకే లేయర్లున్న, అంటే మళ్లీ మార్చుకోగలిగే, ఫైళ్లు ఇస్తా. అడ్వాన్స్ అనగానే మాయమైపోయేవాళ్లుంటారు, పోనివ్వండి, వాళ్ల వెనకాల తిరిగే టైమ్ మిగిలింది.

అర్ధరాత్రి_ఆర్ట్‌బోర్డ్:

అందరికీ థాంక్స్. పది రోజులు చూశాక రాస్తున్నా. పొద్దున రెండు గంటలు ఫోన్ ముట్టుకోకుండా ఉండగలుగుతున్నా, మధ్యాహ్నం దాకా అంటే ఇంకా ధైర్యం రాలేదు. బ్రోషర్ వెళ్లిపోయింది. పొద్దున చూస్తే ఏడో పేజీలో ఫోన్ నంబర్‌లో ఒక అంకె లేదు, మూడు మిల్లీ గారికి ప్రత్యేకంగా దండం. లోగో ఆయనకి రెండు రౌండ్ల సంగతి చెప్తే అలిగారు, రెండు రోజులు మాట లేదు, మూడో రోజు మార్పులన్నీ ఒకే మెసేజ్‌లో రాసి పంపారు. ఒక్కటి మాత్రం తేలలేదు. పాత పోస్టర్‌లో తేదీ, స్థలం మార్చి అడ్డంగా ఉన్న సైజులోకి తిప్పాలట, "ఉన్నదేగా" అంటున్నారు. దీనికి డబ్బులు అడగొచ్చా?

లేయర్_లెక్కలు:

తేదీ ఒక్కటే అయితే ఊరికే చేసిచ్చేయండి, సంబంధం నిలుస్తుంది. నిలువు పోస్టర్‌ని అడ్డం చేయడమంటే లేఅవుట్ మొత్తం మళ్లీ కట్టడమే, అది కొత్త పని. కొత్త కోట్ పంపండి, కింద పాత ఇన్వాయిస్ నంబర్ కూడా వేయండి, అప్పుడు దేనికి ఎంత ఇచ్చారో వాళ్లకే గుర్తొస్తుంది.